హుందాతనం: మానాల్సిన అలవాట్లు, అక్కర్లేని సిగ్గు

హుందాగా కనిపించాలంటే ఏయే అలవాట్లు మానుకోవాలో చెప్పే జాబితాలకు ఇప్పుడు కొదవలేదు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో, ఇంటర్వ్యూ శిక్షణ తరగతుల్లో, అరనిమిషం వీడియోల్లో అవే మాటలు: గట్టిగా నవ్వొద్దు, చేత్తో తినొద్దు, ఫోన్లో అరవొద్దు, యాసలో మాట్లాడొద్దు, ఆలస్యంగా వెళ్లొద్దు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. వీటిలో కొన్ని పక్కవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేవి. మరికొన్నిటిని మానమనడం డబ్బున్నవాళ్లలా కనిపించమని చెప్పడమే. ఈ రెండూ కలగాపులగం అయినందువల్ల ఒక వింత జరుగుతోంది. ఫోర్కుతో తినడం వచ్చినవాడు పనిమనిషిని కసురుకున్నా పెద్దమనిషిగా చలామణీ అవుతున్నాడు. యాసలో మాట్లాడేవాడు ఎంత మర్యాదస్తుడైనా నోరు విప్పడానికి జంకుతున్నాడు.

అందుకే ఈ అలవాట్లను ఒకసారి జల్లెడ పట్టాలి. నా మటుకు జల్లెడ ఇదీ: ఎదుటివాళ్ల చెవి, సమయం, పరువు మన సొత్తు కావు. వాటిని అడగకుండా వాడుకునే ప్రతి అలవాటూ మానాల్సిందే. వాటి జోలికి పోని అలవాటు ఎంత నాటుగా కనిపించినా సిగ్గుపడాల్సిన పని లేదు.

జాబితాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి

మర్యాదల జాబితాలు ఈనాటివి కావు. 1530లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఒక రాజవంశపు పిల్లవాడి కోసం లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు. టోపీకో చొక్కాకో ముక్కు తుడుచుకోవద్దు, ఉమ్మేటప్పుడు పక్కకు తిరుగు అంటూ విడమరిచి చెప్పాడు. ఆ పుస్తకం చివర్లో ఆయన చెప్పిన రెండు సంగతులు నేటికీ పనికొస్తాయి. ఎవరి పిల్లలుగా, ఏ దేశంలో పుట్టాలో మన చేతుల్లో లేదు గానీ గుణాన్నీ నడతనీ ఎవరికి వాళ్లు దిద్దుకోవచ్చు. ఎదుటివాళ్ల లోపాలను పెద్దమనసుతో మన్నించడమే మర్యాదకు ప్రాణం.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నోర్బర్ట్ ఎలియాస్ ఇలాంటి పుస్తకాలను వరసపెట్టి చదివి, 1939లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒక తరం పుస్తకంలో పూసగుచ్చినట్టు చెప్పిన నియమం రెండు మూడు తరాల తర్వాత కనిపించదు. అప్పటికి అది చెప్పక్కర్లేనంతగా ఒంటబట్టేసి ఉంటుంది. పక్కవాడి మీద ఆధారపడి బతకడం పెరిగే కొద్దీ మనిషి తనను తాను అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటాడన్నది ఎలియాస్ వివరణ. ఆయన ఇంకొకటి కూడా గమనించాడు. మధ్యతరగతి వాళ్లు దర్బారు మర్యాదలు నేర్చుకునే కొద్దీ, దర్బారు వాళ్లు మరింత నాజూకు పద్ధతులు పెట్టుకుని దూరం జరిగారు. అంటే మర్యాదకు మొదటి నుంచీ రెండు పనులున్నాయి: మనుషుల్ని కలిపి ఉంచడం, మనుషుల్ని వేరుచేయడం.

రెండో పని గురించి ఫ్రెంచి పండితుడు పియెర్ బోర్దియూ 1979లో తేటగా చెప్పాడు. మంచి అభిరుచి అని మనం అనుకునేది పెరిగిన ఇల్లూ, చదివిన బడీ ఇచ్చిన ఆస్తి. దాన్ని పుట్టుకతో వచ్చిన గుణంలా చూపించి పై తరగతి తన పెద్దరికం నిలుపుకుంటుంది. మన దేశంలో కులాల మధ్య ఇదే అనుకరణను ఎం.ఎన్. శ్రీనివాస్ 1950ల్లో గుర్తించాడు. కింది కులాలవాళ్లు హోదా కోసం పై కులాల ఆచారాలను, తిండి అలవాట్లను ఎలా పుణికిపుచ్చుకుంటారో ఆయన రాశాడు.

తెలుగులోనూ ఈ రెండు పాయలూ ఉన్నాయి. బద్దెన పేరున ప్రచారంలో ఉన్న సుమతీ శతకంలో, ఎవరు ఏం చెప్పినా ముందు వినాలి, విన్నాక తొందరపడకుండా నిజానిజాలు తేల్చుకోవాలి అన్న చక్కటి హితవు ఉంది. అదే శతకంలో, నీచుడికి సింహాసనం ఇచ్చినా పాత గుణం పోదన్న పద్యమూ ఉంది. మనిషి మారగలడన్న ఎరాస్మస్ మాటకు ఇది పూర్తిగా ఎదురు. హుందాతనం పుట్టుకతో రావాలన్న ఈ నమ్మకం మన నోళ్లలో ఇంకా నానుతూనే ఉంది. వేమన మాత్రం కులాన్ని నిలదీసి, నడతను బట్టే మనిషిని తూచాడు. అల్పుడి మాటలో ఆర్భాటం, మంచివాడి మాటలో నెమ్మది ఉంటాయన్నాడు.

ఇక పై మెరుగుల హుందాతనానికి తెలుగులో గిరీశాన్ని మించిన ఉదాహరణ లేదు. 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో అతగాడి నోట ఇంగ్లీషు, చేతిలో చుట్ట, మాటల్లో కోటలు. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర డబ్బు పుచ్చుకుని సొంత జల్సాకి తగలేస్తాడు. గురజాడ అతణ్ణి మన ముందు నిలబెట్టి నూట ముప్పై ఏళ్లు దాటినా, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాడికి సంస్కారం కూడా ఉందని మనం ఇంకా అనుకుంటూనే ఉన్నాం.

చెవి

మొదట మానాల్సింది చప్పుడు. బస్సులో, రైల్లో, ఆసుపత్రి వరండాలో ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడటం, ఇయర్‌ఫోన్ లేకుండా రీల్స్ చూడటం మన ఊళ్లలో తప్పుగా కూడా కనిపించడం లేదు. ఆ చప్పుడు వినాలో వద్దో తేల్చుకునే వీలు పక్క సీటులో ఉన్నవాళ్లకు లేదు. చెవికి రెప్పలుండవు కదా. రాత్రి ప్రయాణంలో నిద్రపట్టని ముసలాయన, చంటిబిడ్డను జోకొడుతున్న తల్లి, మర్నాడు పరీక్ష రాయబోయే కుర్రాడు, అందరూ మన వినోదానికి మూల్యం చెల్లిస్తారు.

చట్టం ఈ విషయంలో మనకంటే చాలా ముందుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆసుపత్రుల, బడుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతాలుగా ప్రకటించవచ్చు. అయినా బారాత్ డీజే ఆసుపత్రి గోడ పక్కనుంచే వెళుతుంది. ఆపమన్నవాడు పెళ్లి చెడగొట్టడానికి వచ్చినవాడవుతాడు. సిగ్నల్లో పచ్చదీపం వెలగకముందే మోగే హారన్, గేటు తీయమని కారులోంచి కొట్టే హారన్ కూడా ఈ కోవలోవే. హారన్ వాహనానికి పెట్టింది ప్రమాదం తప్పించడానికి. మనం దాన్ని అసహనానికి నోరుగా వాడుతున్నాం.

ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచెయ్యడం కూడా చెవికి చేసే అన్యాయమే. ఒకరు తమ కష్టం చెప్పుకుంటుంటే, వాక్యం పూర్తికాకుండానే "నాకయితే ఇంతకంటే ఘోరం జరిగింది" అని మన కథ అందుకుంటాం. మాట్లాడేవాళ్ల కళ్లలోకి చూడకుండా ఫోన్ తెర మీద వేలు జరుపుతూ "ఊఁ, చెప్పు, వింటున్నా" అంటాం. ఆ నిర్లక్ష్యం ఎదుటివాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. వినడం గురించి సుమతీ శతకం చెప్పిన హితవు ఇక్కడే అక్కరకొస్తుంది.

సమయం

"దార్లో ఉన్నా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా" అని స్నానాల గదిలోంచి చెప్పడం మనకు అబద్ధంలా అనిపించదు. అటువైపు ఎండలో నిలబడినవాళ్లకు అది అబద్ధమే. ఆలస్యం విషయంలో గమనించాల్సింది దాని దిశ. కలెక్టరు ఆఫీసుకు, వీసా ఇంటర్వ్యూకు, పెద్దల ఇంటి పెళ్లిచూపులకు ఆలస్యంగా వెళ్లేవాళ్లు అరుదు. టైలరు దగ్గరికి, ట్యూషన్ మాస్టారు దగ్గరికి, కింది ఉద్యోగితో మాట్లాడటానికి మాత్రం ఎంత ఆలస్యమైనా పట్టింపు ఉండదు. కాబట్టి ఇది మతిమరుపు కాదు. ఎవరి సమయానికి విలువ ఉందో, ఎవరి సమయానికి లేదో లోపల లెక్క వేసుకునే మనం ఆలస్యం చేస్తాం.

మన సభలు మరో ఉదాహరణ. సాయంత్రం 5 అని ఆహ్వానపత్రంలో వేస్తారు. సమయానికి వచ్చినవాళ్లు ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంటారు. ముఖ్య అతిథి 7 గంటలకు వస్తారు. ఆ తర్వాత ఒక్కో వక్త "రెండు ముక్కల్లో ముగిస్తాను" అని మొదలుపెట్టి అరగంట తీసుకుంటారు. చివర మాట్లాడాల్సిన కొత్త రచయితకు మిగిలేది ఖాళీ హాలు. తనకిచ్చిన సమయాన్ని మించి మాట్లాడినవాడు ఆ కుర్రవాడి వంతు లాక్కున్నట్టే.

వరసల్లోనూ ఇదే జరుగుతుంది. "ఒక్క చిన్న డౌట్ అడిగి వెళ్లిపోతా" అంటూ కౌంటరు పక్కనుంచి చెయ్యి దూర్చేవాడు తన వెనక పది మందిని నిలబెట్టాడు. పంక్తి భోజనాల నాటి మర్యాద ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అందరి విస్తళ్లలో వడ్డన అయ్యేదాకా ఎవరూ ముద్ద కలిపేవారు కాదు. పక్కవాళ్లు తింటుండగా విస్తరి ముందు నుంచి లేచేవారు కాదు. ఆ పంక్తుల్లోకి అన్ని కులాలనూ రానివ్వలేదన్న చేదు నిజాన్ని మరవకూడదు. ఆ గోడలు లేని బఫే వచ్చాక, పక్కవాడి కోసం ఆగే ఆ ఓపికను మాత్రం వదిలేసుకున్నాం. ప్లేటు పట్టుకుని వరస మధ్యలో చొరబడటం, తినలేనంత వడ్డించుకుని సగం పారేయడం ఇప్పుడు ప్రతి ఫంక్షన్ హాల్లో కనిపించేవే.

పరువు

అన్నిటికంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది దీని గురించే. చప్పుడు ఆగితే చెవి కోలుకుంటుంది. నలుగురిలో పోయిన పరువు తిరిగి రావడం కష్టం.

మొదటిది ప్రశ్నలు. "జీతమెంత?", "ఇంకా పెళ్లి కాలేదా?", "పిల్లలు ఎందుకు లేరు, ఎవరిలో లోపం?", "ఇంత లావయ్యావేంటి?", "ఎండకి నల్లబడిపోయావే!" ఇవన్నీ ఆప్యాయత పేరుతో వస్తాయి. అడిగినవాళ్లు మరుక్షణం మరచిపోతారు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న అమ్మాయి ఆ ప్రశ్న విన్న రాత్రి నిద్రపోదు. అమెరికాలోని మనవాళ్లు కలుసుకున్నప్పుడు ఈ ప్రశ్నలకు మరొకటి జతవుతుంది: "గ్రీన్‌కార్డ్ వచ్చిందా?" ఉద్యోగం పోయి, గడువులోగా మరొకటి దొరకకపోతే దేశం వదలాల్సిన మనిషికి విందులో ఆ ప్రశ్న ఎలా తగులుతుందో అడిగేవాళ్లు ఆలోచించరు. పిల్లల ర్యాంకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంట్రన్స్ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేసి "మావాడికి ఇంత వచ్చింది, మీవాడికి?" అనేవాళ్లకు తమ పిల్లవాడి ర్యాంకు చెప్పుకోవాలన్న తహతహే తప్ప, అవతలి ఇంట్లో ఎవరు తలుపేసుకుని కూర్చున్నారోనన్న చింత లేదు.

రెండోది కులం ఆరా. ఇల్లు అద్దెకు అడిగినా, కొత్త ఉద్యోగంలో చేరినా ముందు ఇంటిపేరు అడుగుతారు. దానితో తేలకపోతే సొంత ఊరు, ఊళ్లో ఏ వైపు ఇల్లు, తిండి అలవాట్లు. చివరికి "అదే, మీరేమిట్లు?" ఎంత నవ్వుతూ అడిగినా ఇది మనిషిని తూకం వేసే ప్రశ్న. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. తర్వాత కూడా చాలా ఊళ్లలో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి సాగింది. నేడు నగరపు ఇళ్లలో పనిమనిషికి వేరే గ్లాసు, వేరే కంచం, అపార్ట్‌మెంట్లలో వేరే లిఫ్టు ఉంటున్నాయి. శుభ్రత కోసమని చెబుతారు. ఆ చేతులు తోమిన గిన్నెల్లోనే వండుకుని తింటూ, ఆ చేతులు ముట్టిన గ్లాసును వేరుగా పెట్టడానికి శుభ్రత కారణం కాజాలదు. నాజూకు ఇళ్లలో నేను చూసిన అన్ని మోటు అలవాట్లలోకీ ఇది హీనమైనది.

మూడోది సంబోధన. ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా సాయంత్రం కాసేపు నిలబడితే ఇదంతా కళ్లకు కడుతుంది. వాచ్‌మేన్ గదిలో స్టీలు గ్లాసులో టీ పోసుకుని అప్పుడే కూర్చుంటాడు. గేటు బయట కారు రెండుసార్లు హారన్ కొడుతుంది. గ్లాసు కింద పెట్టి పరుగెడతాడు. కారు అద్దం కాస్త దిగి "ఏంట్రా, నిద్రపోతున్నావా?" అన్న మాట బయటికొస్తుంది. ఆ మనిషికి యాభై ఏళ్లు దాటాయి. కారులో ఉన్నాయనకు ముప్పై. అదే ఆయన లిఫ్టు దగ్గర సొసైటీ సెక్రటరీ ఎదురైతే "నమస్తే అండి, బాగున్నారా?" అని చేతులు జోడిస్తాడు. వెనక సీట్లో ఉన్న పదేళ్ల పిల్ల రెండూ విన్నది. ఎవరిని "అండి" అనాలో, ఎవరిని "రా" అనవచ్చో ఆమెకు ఏ పుస్తకమూ అక్కర్లేకుండానే పాఠం అందింది. వాచ్‌మేన్ పేరు ఆ కారులో ఎవరికీ తెలియదు.

"నువ్వు" అనడమే తప్పని నా ఉద్దేశం కాదు. తెలంగాణలో, రాయలసీమలో చాలా ఇళ్లలో అమ్మనీ నాన్ననీ ప్రేమగా "నువ్వు" అనే అంటారు. గోదావరి జిల్లాల్లో "అండి" లేనిదే మాట సాగదు. ఒక ప్రాంతపు ఆనవాయితీతో మరో ప్రాంతాన్ని మొరటని తేల్చడం కూడా అమర్యాదే. చూడాల్సింది ఒకే మనిషి నోట ఎవరికి ఏ మాట వస్తోందన్నది. డబ్బును బట్టి, పదవిని బట్టి పిలుపు మారితే అక్కడ తప్పుంది.

వీటికి తోడు వాట్సాప్ కొత్త అలవాట్లు తెచ్చింది. ప్రమాదంలో పడినవాళ్ల ఫొటోలు, ఎవరి ఇంటి గొడవో తెలిపే వాయిస్ మెసేజ్‌లు, ఆసుపత్రి మంచం మీద ఉన్న బంధువు బొమ్మలు గ్రూపు నుంచి గ్రూపుకు వెళుతుంటాయి. ఆ మనిషి అనుమతి ఎవరూ అడగరు. పెళ్లిళ్లలో చదివింపులను మైకులో పేరుతో సహా చదవడం పాతదే. ఇచ్చుకోలేనివాణ్ణి ఊరందరి ముందూ నిలబెట్టే ఆ అలవాటు పోవాలని అనుకుంటున్న రోజుల్లోనే, ఇలాంటి కొత్త మైకులు ప్రతి చేతిలోకీ వచ్చాయి.

ఒంటి అలవాట్లు

ముక్కులో వేలు పెట్టుకోవడం, నలుగురిలో పళ్లు కుట్టుకోవడం, నోటికి అడ్డం పెట్టుకోకుండా తుమ్మడం లాంటివి మానాలని అందరికీ తెలుసు. ఉమ్మడం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. కోల్‌కతాలో హౌరా వంతెన ఉక్కు స్తంభాల మొదళ్లు గుట్కా, పాన్ ఉమ్ముల వల్ల తుప్పుపట్టి పలచబడ్డాయి. అధికారులు వాటికి ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయించాల్సి వచ్చింది. 2020లో కరోనా వచ్చాక బహిరంగంగా ఉమ్మడాన్ని తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. మన మెట్ల మూలలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ మూలను కడగాల్సింది ఉమ్మినవాడు కాదు, పారిశుద్ధ్య కార్మికురాలు. అందుకే ఇదీ పరువు లెక్కలోకే వస్తుంది.

సిగ్గుపడనక్కర్లేనివి

ఇప్పుడు జల్లెడకు రెండో వైపు చూద్దాం. చేత్తో అన్నం కలుపుకుని తినడం ఎవరి చెవినీ సమయాన్నీ పరువునూ ముట్టదు. పులుసన్నం చేత్తో తింటేనే రుచి. శుభ్రంగా చెయ్యి కడుక్కుని, పక్కవాళ్ల మీద చిందకుండా తింటే అంతకంటే హుందాతనం అక్కర్లేదు. ఇంగ్లీషు తడబడటం, పాత చొక్కా వేసుకోవడం, హోటల్లో ధర చూసి ఆర్డరివ్వడం, గలగలా నవ్వడం, వీటిలో ఏదీ తప్పు కాదు.

యాస సంగతైతే మన చరిత్రే సాక్ష్యం. జనం మాట్లాడే తెలుగును గ్రామ్యమని పండితులు ఈసడించిన కాలంలో గిడుగు రామమూర్తి దాని కోసం పోరాడాడు. నేడు మన పత్రికలు, పాఠాలు నడుస్తున్నది ఆ వ్యావహారికంలోనే. తెలంగాణ యాసను సినిమాల్లో చాలాకాలం విలన్లకో హాస్యగాళ్లకో పరిమితం చేశారు. ఇప్పుడు కథానాయకులు ఆ యాసలో మాట్లాడుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. ఒకనాడు మొరటన్నది మరోనాడు ముద్దొస్తే, లోపం ఆ మాటలో ఎన్నడూ లేదన్నమాట. ఎదుటివాడి యాసను వెక్కిరించడం, ఉచ్చారణను నలుగురిలో దిద్దడం మాత్రం ఖచ్చితంగా మానాల్సిన అలవాట్లు.

ఈ చర్చలో తరచూ మరుగునపడే సంగతి ఇంకొకటుంది. మర్యాదకు కొంత వసతి కావాలి. బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోట గోడ పక్కకు వెళ్లినవాణ్ణి మాత్రమే తిట్టి ఊరుకోలేం. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో గొంతు పెంచకుండా మాట్లాడటం కష్టం. రోజంతా లారీ హారన్ల మధ్య బండి తోసుకుని కూరగాయలమ్మే ఆవిడ గట్టిగా అరవకపోతే బేరం లేదు. అన్ని వసతులూ ఉన్నవాళ్లు చేసే తప్పు, లేనివాళ్లు చేసే తప్పు ఒక తూకానివి కావు. జాబితాలు మొదట వర్తించాల్సింది ఏసీ గదుల్లో ఉన్న మనకే.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇన్ని చెప్పుకున్నాక అన్నీ ఒక్కసారి మానేయమనడం కుదరని పని. ఎలియాస్ చూపించినట్టు మర్యాద తరాల మీదుగా ఒంటబడుతుంది. దాన్ని ఒంటబట్టించే బడి ఇల్లే. కాబట్టి మొదలుపెట్టాల్సింది మనకు ఎదురు చెప్పలేనివాళ్లతో మెలిగే తీరు దగ్గర. డ్రైవరు, పనిమనిషి, డెలివరీ కుర్రాడు, కింది ఉద్యోగి, మన సొంత పిల్లలు. పై అధికారి ముందు ఎవరైనా మర్యాదగానే ఉంటారు, ఎందుకంటే ఉండకపోతే నష్టం ఉంది. నష్టం లేనిచోట చూపించే మర్యాదే మన సొంతం.

వాళ్ల పేరు తెలుసుకుని ఆ పేరుతో, వయసుకు తగ్గ వరసతో పిలవడం, చెప్పిన వేళకు జీతమివ్వడం, అందరికీ వాడే గ్లాసులోనే మంచినీళ్లివ్వడం. వీటికి పైసా ఖర్చు లేదు, ఏ శిక్షణ తరగతీ అక్కర్లేదు. ఇవి కుదిరిన ఇంట్లో పెరిగిన పిల్లలకు బస్సులో ఫోన్ గొంతు తగ్గించమనీ, వరసలో ఆగమనీ ఎవరూ వేరే చెప్పాల్సిన అవసరం రాదు. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న ఎరుక వాళ్లకు అప్పటికే అలవాటై ఉంటుంది.